బిట్ నుంచి టెరాబైట్ దాకా: కంప్యూటర్ మెమరీ కొలతలు తెలుసుకుందాం



నేటి యుగం కంప్యూటర్ యుగం అని ప్రతి వార్షికోత్సవంలోనూ పెద్దలు చెబుతూనే ఉంటారు. మనం చప్పట్లు కొడుతూనే ఉంటాం. కానీ పదో తరగతి దాటి స్కాలర్‌షిప్‌కో, ప్రవేశ పరీక్షకో, ఉద్యోగానికో దరఖాస్తు చేసే రోజు రాగానే కంప్యూటర్ మనల్ని ఒక చిన్న ప్రశ్న అడుగుతుంది. "ఫోటో 20 నుంచి 50 కె.బి. లోపు, సంతకం 10 నుంచి 20 కె.బి. లోపు ఉండాలి" అని చాలా నోటిఫికేషన్లలో ఉంటుంది. మన ఫోటో 3 ఎం.బి. ఉంటుంది. ఫారం తీసుకోదు. చివరి తేదీ సాయంత్రం నెట్ సెంటర్లో క్యూ కట్టిన వాళ్ళలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మార్కులు వచ్చి, అర్హత ఉండి, కేవలం కె.బి. అంటే ఏమిటో తెలియక అవకాశం చేజారితే అంతకన్నా బాధ ఏముంటుంది?

అందుకే ఈ వ్యాసం. సొంత కంప్యూటర్ లేకపోయినా ఫరవాలేదు. ఈ లెక్కలకు కాగితం, పెన్ను చాలు. కూడిక, గుణకారం, భాగహారం వస్తే మెమరీ కొలతలన్నీ వచ్చినట్లే.

బిట్ అంటే ఏమిటి?

స్టడీ అవర్‌లో మన గదిలోని ట్యూబ్‌లైట్ స్విచ్‌ను చూడండి. దానికి రెండే స్థితులు. వేసి ఉంటుంది, లేదా ఆపి ఉంటుంది. కంప్యూటర్‌కు తెలిసిందీ అంతే. కరెంటు ఉంటే 1, లేకపోతే 0. ఈ ఒక్క 0ను గానీ, ఒక్క 1ని గానీ బిట్ అంటారు. ఇదే మెమరీలో అతి చిన్న కొలత. జాన్ టుకీ అనే అమెరికా గణిత శాస్త్రవేత్త సూచించిన ఈ మాటను క్లాడ్ షానన్ 1948లో తన ప్రసిద్ధ పరిశోధనా వ్యాసంలో వాడారు. అప్పటి నుంచి అది స్థిరపడింది.

ఒక స్విచ్‌తో రెండు సంగతులే చెప్పగలం. రెండు స్విచ్‌లుంటే నాలుగు (00, 01, 10, 11). మూడుంటే ఎనిమిది. ఒక్కొక్క బిట్ పెరిగిన కొద్దీ సంగతుల సంఖ్య రెట్టింపవుతుంది. ఇలా ఎనిమిది బిట్లు కలిస్తే 256 రకాల సంగతులు చెప్పవచ్చు. ఆ ఎనిమిది బిట్ల కట్టనే బైట్ అంటారు. ఈ పేరును 1956లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న వెర్నర్ బుచోల్జ్ పెట్టారు. సగం బైట్‌ను, అంటే 4 బిట్లను నిబ్బుల్ అంటారు. పోటీ పరీక్షల్లో దీన్ని తరచుగా అడుగుతారు, గుర్తుంచుకోండి.

ఇంగ్లీషు అక్షరం ఒక్కొక్కటి ఒక్కో బైట్‌లో ఇముడుతుంది. ఉదాహరణకు ఇంగ్లీషులోని పెద్ద ఏ అక్షరానికి ఇచ్చిన సంఖ్య 65. కంప్యూటర్ లోపల అది 01000001గా ఉంటుంది.

మరి మన తెలుగు సంగతి?

తెలుగుకు 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే 128 స్థానాలు కేటాయించారు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు అన్నింటికీ వేర్వేరు సంఖ్యలు ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఎక్కువగా వాడే యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. "తెలుగు" అనే మాటను చూద్దాం. త, దానికి ఎత్వం, ల, దానికి కొమ్ము, గ, దానికి కొమ్ము. మొత్తం 6 గుర్తులు. 6 × 3 = 18 బైట్లు. మన కంటికి మూడు అక్షరాలే, కంప్యూటర్‌కు మాత్రం ఆరు.

సెల్ ఫోన్ మెసేజ్‌లో ఇంగ్లీషు 160 అక్షరాలు పడితే తెలుగు 70 గుర్తులే ఎందుకు పడతాయో ఇప్పుడు సులభంగా చెప్పవచ్చు. ఒక మెసేజ్‌కు 140 బైట్ల చోటు ఉంటుంది. అంటే 1,120 బిట్లు. మెసేజ్‌లలో ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 1,120 ÷ 7 = 160. తెలుగు గుర్తుకు అక్కడ 16 బిట్లు కావాలి కాబట్టి 1,120 ÷ 16 = 70. ఇందులో తెలుగును తక్కువ చేయడమేమీ లేదు. లెక్క అంతే.

1000 కాదు, 1024 ఎందుకు?

కిలో అంటే వెయ్యి. కిలోగ్రాముకు వెయ్యి గ్రాములు, కిలోమీటరుకు వెయ్యి మీటర్లు. మరి కిలోబైట్‌కు 1,024 బైట్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

దీనికి సమాధానం మన అమ్మమ్మలకు బాగా తెలుసు. పల్లెల్లో ధాన్యం కొలిచే పాత కొలతలను గుర్తు చేసుకోండి. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. అంతా రెట్టింపుల లెక్కే గదా! కంప్యూటర్‌ది కూడా అదే పద్ధతి. రెండుతో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోదాం: 2, 4, 8, 16, 32, 64, 128, 256, 512, 1,024. పదో మెట్టు మీద 1,024 వచ్చింది. వెయ్యికి అతి దగ్గరగా ఉన్న మెట్టు ఇదే. అందుకని దీనికే కిలో అని పేరు పెట్టుకున్నారు.

రెట్టింపు లెక్కే ఎందుకంటే, మెమరీ చిప్‌లోని ప్రతి గడికీ ఒక నంబరు ఉండాలి. మన హాస్టల్ గదులకు రెండంకెల నంబర్లే వేయాలంటే 00 నుంచి 99 దాకా వంద గదులకే వేయగలం. కంప్యూటర్ నంబర్లలో 0, 1 అనే రెండు అంకెలే ఉంటాయి. కాబట్టి పది అంకెల నంబరుతో సరిగ్గా 1,024 గడులను గుర్తించగలదు. 1970లో ఇంటెల్ సంస్థ తెచ్చిన 1103 అనే చిప్‌లో ఉన్నవి సరిగ్గా 1,024 బిట్లే. నంబరుకు 32 అంకెలుంటే 4 జి.బి. దాకా గడులను లెక్కపెట్టవచ్చు. పాత 32 బిట్ల కంప్యూటర్లు సాధారణంగా 4 జి.బి.కి మించి ర్యామ్‌ను వాడుకోలేకపోవడానికి కారణం ఇదే.

కొలతల పట్టిక

8 బిట్లు = 1 బైట్
1,024 బైట్లు = 1 కిలోబైట్ (కె.బి.)
1,024 కె.బి. = 1 మెగాబైట్ (ఎం.బి.) = 10,48,576 బైట్లు
1,024 ఎం.బి. = 1 గిగాబైట్ (జి.బి.) = 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లు
1,024 జి.బి. = 1 టెరాబైట్ (టి.బి.) = సుమారు 1,09,951 కోట్ల బైట్లు

ఆ పైన వరుసగా పెటాబైట్, ఎక్సాబైట్, జెట్టాబైట్, యొట్టాబైట్ ఉన్నాయి. 2022లో అంతర్జాతీయ తూనికలు కొలతల సమావేశం వీటి పైన రొన్నా, క్వెట్టా అనే మరో రెండు పేర్లను కూడా చేర్చింది.

సంఖ్యలు చూస్తే గుర్తుండవు గానీ, నోటు పుస్తకంతో పోలిస్తే బాగా గుర్తుంటాయి. ఇంగ్లీషులో ఒక పేజీకి సుమారు 2,000 అక్షరాలు పడతాయనుకుందాం. అంటే పేజీకి దాదాపు 2 కె.బి. 200 పేజీల నోటు పుస్తకానికి 4 లక్షల బైట్లు, అంటే సుమారు 400 కె.బి. ఈ లెక్కన 8 జి.బి. మెమరీ కార్డులో 20,000 నోటు పుస్తకాలు పడతాయి. మన హాస్టల్లో చదివిన వాళ్ళందరూ రాసిన నోట్సులు దానిలో పెట్టినా ఇంకా చోటు మిగలవచ్చు.

అయితే అదే నోటు పుస్తకంలోని ఒక పేజీని సెల్ ఫోన్‌తో ఫోటో తీస్తే ఆ ఒక్క ఫోటోకే 3 ఎం.బి. అవుతుంది. టైపు చేసిన 1,500 పేజీల చోటును అది ఒక్కటే ఆక్రమిస్తుంది. పాటకైతే మామూలు ఎం.పి.3 నాణ్యతలో నిమిషానికి సుమారు 1 ఎం.బి. సెల్ ఫోన్‌తో తీసే మంచి నాణ్యత వీడియోకు నిమిషానికి 100 ఎం.బి. దాటుతుంది. ఫోన్ ఎందుకు నిండిపోయిందో తెలుసుకోవాలంటే ముందు వీడియోలను చూడాలి, ఆ తర్వాత ఫోటోలను. మెసేజ్‌లు తుడిచేస్తే కలిసొచ్చేది చాలా తక్కువ.

ర్యామ్ వేరు, స్టోరేజ్ వేరు

సెల్ ఫోన్ అంగడిలో "4 జి.బి., 64 జి.బి." అని రెండు అంకెలు చెబుతారు. రెండూ మెమరీలే, కానీ పనులు వేరు.

మన ట్రంకు పెట్టెను స్టోరేజ్ అనుకోండి. పుస్తకాలన్నీ అందులో భద్రంగా ఉంటాయి. చదువుకునేటప్పుడు ముందు వేసుకునే బల్లను ర్యామ్ అనుకోండి. పెట్టెలోంచి కావలసిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టుకుంటేనే చదవగలం. బల్ల పెద్దదైతే నాలుగు పుస్తకాలు ఒకేసారి పరచుకోవచ్చు. చిన్నదైతే ఒకటి తీసి, మరొకటి పెట్టాలి. ర్యామ్ తక్కువున్న ఫోన్ నెమ్మదిగా నడవడానికి ఇదే ముఖ్య కారణం. పెట్టెలో పాత బట్టలు తీసేసినంత మాత్రాన బల్ల పెద్దది కాదు. అలాగే ఫోటోలు తుడిచేస్తే స్టోరేజ్ మిగులుతుంది గానీ ర్యామ్ పెరగదు.

ఇంకొక తేడా కూడా ఉంది. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది. స్టోరేజ్‌లో ఉన్నది ఉంటుంది. టైపు చేస్తున్నది "సేవ్" చేయడం అంటే బల్ల మీదున్న దాన్ని పెట్టెలో దాచుకోవడమే. కరెంటు కోతలున్న ఊళ్ళలో ప్రాజెక్టు రికార్డు టైపు చేసేవాళ్ళు పది నిమిషాలకొకసారి సేవ్ చేయడం అలవాటు చేసుకోవాలి. ఇక రామ్ అనే మరొక మెమరీ ఉంటుంది. యంత్రం ఆన్ కాగానే మొదట ఏం చేయాలో చెప్పే ఆదేశాలు అందులో ఉంటాయి. కరెంటు పోయినా అవి చెరిగిపోవు.

16 జి.బి. కొంటే 14.9 చూపిస్తుందేం?

కాస్మెటిక్ చార్జీల్లో మిగిల్చుకుని పెన్ డ్రైవ్ కొన్న విద్యార్థికి ముందుగా వచ్చే అనుమానం ఇదే. 16 జి.బి. అని రాసి ఉంటుంది. కంప్యూటర్‌కు పెట్టి చూస్తే 14.9 జి.బి. అంటుంది. అంగడివాడు మోసం చేశాడా?

లేదు. తయారు చేసే కంపెనీలు కిలో అంటే వెయ్యి అన్న లెక్కనే వాడతాయి. వాళ్ళ ప్రకారం 16 జి.బి. అంటే 1,600 కోట్ల బైట్లు. విండోస్ 1,024 లెక్కన చూస్తుంది. 1,600 కోట్లను 107 కోట్ల 37 లక్షల చిల్లరతో భాగిస్తే 14.9 వస్తుంది. బైట్లు ఒక్కటి కూడా తగ్గలేదు, కొలిచే మానికే మారింది. ఈ లెక్కన 32 జి.బి. సుమారు 29.8గా, 1 టి.బి. సుమారు 931 జి.బి.గా కనిపిస్తాయి. ఈ గందరగోళం పోగొట్టడానికి 1998లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1,024 లెక్కకు కిబిబైట్, మెబిబైట్, గిబిబైట్ అని వేరే పేర్లు పెట్టింది. కానీ వాడుకలో ఇప్పటికీ పాత పేర్లే ఎక్కువ.

అసలు మోసం వేరే ఉంది. రెండు మూడు వందల రూపాయలకే 1 టి.బి., 2 టి.బి. పెన్ డ్రైవ్ అని అమ్మేవాళ్ళుంటారు. లోపల చిప్ చిన్నదే. పెద్ద అంకె చూపించేలా మాత్రం మార్చి ఉంటారు. అసలు చోటు నిండాక మనం ఎక్కించే ఫైళ్ళు పోతాయి, లేదా పాతవాటి మీద పడి వాటిని చెడగొడతాయి. కాపీ అయినట్లే కనిపిస్తుంది, తెరిస్తే తెరుచుకోవు. అందుకే కొత్తది కొనగానే దాన్ని నిండా ఫైళ్ళతో నింపి, తిరిగి తెరిచి చూసుకోవాలి. కాస్త తగ్గి కనిపిస్తే లెక్కలో తేడా. నింపినవి తెరుచుకోకపోతే మోసం.

దరఖాస్తు ఫోటోను 50 కె.బి.కి తేవడం

ఫోటో అంటే చిన్న చిన్న రంగు చుక్కల సముదాయం. ఆ చుక్కలను పిక్సెల్స్ అంటారు. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల కోసం 3 బైట్లు. 12 మెగాపిక్సెల్ కెమెరా ఫోటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలు. అంటే 1 కోటి 20 లక్షల చుక్కలు, 3 కోట్ల 60 లక్షల బైట్లు. 34 ఎం.బి. పైమాటే! జెపెగ్ అనే కుదింపు పద్ధతి దాన్ని మూడు నాలుగు ఎం.బి.కి తెస్తుంది. అయినా 50 కె.బి.కి అది ఎంతో దూరం.

కాబట్టి చుక్కల సంఖ్యనే తగ్గించాలి. 200 × 230 పిక్సెల్స్ చేస్తే 46,000 చుక్కలే ఉంటాయి. అంటే 1,38,000 బైట్లు, సుమారు 135 కె.బి. జెపెగ్‌గా సేవ్ చేస్తే చాలావరకు 50 కె.బి. లోపుకే వస్తుంది. చేసే విధానం ఇది:

1. ముందుగా ముఖం, భుజాలు ఉండేలా ఫోటోను కత్తిరించాలి. దీన్ని క్రాప్ అంటారు.
2. విండోస్‌లోని పెయింట్‌లో తెరిచి, రీసైజ్ నొక్కి, పిక్సెల్స్ ఎంచుకుని నోటిఫికేషన్‌లో ఇచ్చిన కొలతలు వేయాలి.
3. కొత్త పేరుతో జెపెగ్‌గా సేవ్ చేయాలి. అసలు ఫోటోను అలాగే ఉంచుకోవాలి.
4. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఎన్ని కె.బి. ఉందో చూడాలి.

కనీస పరిమితి కన్నా తగ్గినా ఫారం తీసుకోదు. అప్పుడు అసలు ఫోటో నుంచి మళ్ళీ మొదలుపెట్టి చుక్కలు కొంచెం పెంచాలి. ఫైలు పేరు మార్చినంత మాత్రాన సైజు తగ్గదు. కొలతలు నోటిఫికేషన్‌కూ నోటిఫికేషన్‌కూ మారుతాయి కనుక ప్రతిసారీ చదివి చూసుకోవాలి.

సర్టిఫికెట్ల విషయంలోనూ ఈ లెక్క పనికొస్తుంది. మార్కుల మెమో, కులం, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు, బ్యాంకు పాసు పుస్తకం అన్నీ కలిపి 10 స్కాన్ కాపీలు, ఒక్కొక్కటి 300 కె.బి. అనుకున్నా మొత్తం 3 ఎం.బి. మాత్రమే. ఇంత చిన్న చోటులో మన చదువంతా భద్రంగా ఉంటుంది. ఒక కాపీ పెన్ డ్రైవ్‌లో, మరొకటి ఈ-మెయిల్‌లో పెట్టుకోండి. పెన్ డ్రైవ్ పోవచ్చు, పాడవవచ్చు. ఒకే చోట దాచినది దాచినట్లు కాదు. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో పని అయ్యాక మీ ఫైళ్ళు తుడిచేసి, మెయిల్ నుంచి సైన్ అవుట్ చేసి రావడం మరచిపోవద్దు.

బిట్, బైట్ తేడా: ఇంటర్నెట్ వేగం

నెట్ వేగాన్ని ఎం.బి.పి.ఎస్. అంటారు. ఇక్కడి "బి" బైట్ కాదు, బిట్. సెకనుకు 8 మెగాబిట్లు అంటే సెకనుకు 1 మెగాబైట్ మాత్రమే. 100 ఎం.బి. పాఠం వీడియో దిగాలంటే ఆ వేగంతో 100 సెకన్లు పడుతుంది. ప్రకటనలోని వేగాన్ని 8తో భాగిస్తే మనకు అందేది తెలుస్తుంది. రోజుకు 1.5 జి.బి. అనే డేటా ప్యాక్‌లో మాత్రం అది బైట్ల లెక్కే.

చిన్న మెమరీతో పెద్ద పనులు

1956లో ఐ.బి.ఎం. తయారు చేసిన రామాక్ యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. పక్కపక్కన పెట్టిన రెండు బీరువాలంత ఉండే ఆ డిస్క్‌లో పట్టినవి 50 లక్షల అక్షరాలు. ఈనాటి సెల్ ఫోన్ ఫోటో ఒకటి దాదాపు అంతే చోటు తీసుకుంటుంది. తర్వాత వచ్చిన ఫ్లాపీలో 1.44 ఎం.బి., సీడీలో 700 ఎం.బి., డీవీడీలో 4.7 జి.బి. పట్టేవి. 1969లో చంద్రుడి మీదికి మనుషులను చేర్చిన అపోలో 11 కంప్యూటర్‌లో పని మెమరీ 4 కె.బి., స్థిర మెమరీ 72 కె.బి. మాత్రమే! మన దరఖాస్తు ఫోటో పట్టేంత చోటులో చంద్రయానం చేశారు. ఉన్న చోటును లెక్క తెలిసి వాడుకున్నారు.

మీరే చేసి చూడండి

1. 3 కె.బి.కి ఎన్ని బైట్లు?
2. 2 జి.బి.కి ఎన్ని ఎం.బి.?
3. పరిమితి 50 కె.బి. మీ ఫోటో 56,320 బైట్లు. ఫారం తీసుకుంటుందా?
4. యు.టి.ఎఫ్-8లో "అమ్మ" అనే మాటకు ఎన్ని బైట్లు?
5. సెకనుకు 16 మెగాబిట్ల వేగంతో 60 ఎం.బి. ఫైలు ఎన్ని సెకన్లలో దిగుతుంది?

జవాబులు: 1) 3,072. 2) 2,048. 3) తీసుకోదు, అది 55 కె.బి. 4) 12 (అ, మ, పొల్లు, మ). 5) 30 సెకన్లు.

మిత్రులారా! కంప్యూటర్ అనగానే అది డబ్బున్న వాళ్ళ విద్య అని వెనకడుగు వేయకండి. యంత్రం ఖరీదైనదే కావచ్చు, దాని లెక్క మాత్రం ఎవరు నేర్చుకుంటే వారిది. ఈ సెలవుల్లో మీ ఊళ్ళో ఒక తమ్ముడికో, చెల్లికో దరఖాస్తు ఫోటో సైజు తగ్గించడం నేర్పండి. చివరి తేదీ సాయంత్రం ఒక్కరైనా నిరాశతో వెనుదిరగకుండా ఉంటే మనం నేర్చుకున్న చదువుకు సార్థకత.